ఊఁ అంటే అవుననేనా?

పిలిస్తే పలక్కపోతే మనం ఏమనుకుంటాం చెప్పండి? పిల్లలైతే పొగరనుకుంటాం. ఇంటాయనైతే ఫోనులో మునిగిపోయాడనుకుంటాం. ముసలివాళ్ళైతే చెవుడనుకుంటాం. అదే పక్షవాతం వచ్చి మంచానపడిన మనిషి పలక్కపోతే మాత్రం, "పాపం, మతి పోయిందమ్మా" అనేస్తాం.

ఈ ఆఖరి మాట దగ్గర కాస్త ఆగమని మిమ్మల్నందర్నీ అడగాలని కూర్చున్నాను. ఎందుకంటే ఆ మాట ఒక్కసారి ఇంట్లో పడిందంటే ఆ మనిషిని అడగడం మానేస్తాం. వేళకి అన్నం పెడతాం, ఒళ్ళు తుడుస్తాం, దుప్పటి మారుస్తాం. లోటేమీ చెయ్యం. అడగడం ఒక్కటే మానేస్తాం.

మేముండేది పలాసలో. అత్తవారి ఊరు వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం హోరు వినిపించేంత దూరంలో. ఉద్దానం పేరు చెప్పగానే ఇప్పుడందరికీ కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది గానీ, అసలు ఆ పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు పెద్దలు. జీడి, కొబ్బరి, పనస, మునగ... ఎండాకాలంలో కూడా నీడలోనే నడిచి ఊరు దాటొచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఆ నీడని ఒక్క రాత్రిలో పడగొట్టేసింది. మా అత్తగారి పేరున మూడెకరాల జీడితోట ఉంది. మామగారు పోయాక ఆవిడే చూసుకునేది. పడిపోయిన చెట్లు తీయించి, మళ్ళీ మొక్కలు నాటించి, కడవతో నీళ్ళు మోసి పోసింది. ఆ మొక్కలు కాపుకొచ్చే వేళకి ఈవిడ పడింది.

2023లో, సంక్రాంతి వెళ్ళిన నెలలో. రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లారేసరికి మూతి ఒక పక్కకి పోయి, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఉంది. నోట మాట లేదు. పసరు పోయించమన్నవాళ్ళున్నారు, పావురం రక్తం రాయమన్నవాళ్ళున్నారు. మా ఆయన ఎవరి మాటా వినకుండా ఆటో ఎక్కించేశారు. గడ్డ కరిగించే ఇంజెక్షను జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపల పడాలట. నిద్రలో వచ్చిన జబ్బుకి మొదలెప్పుడో ఎవరు చెప్పగలరు? ఆ అవకాశం దాటిపోయింది. బీపీ మందులు, రక్తం పల్చబడే మందులు రాసి పదిహేను రోజులకి పంపించారు.

కాలు త్వరగానే తిరిగింది. రెండో నెలకల్లా గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. మాటే రాలేదు. ఏమడిగినా ఒకటే, "ఊఁ".

ఇక్కడే ఉందండీ తిరకాసు. మన తెలుగులో "ఊఁ" అంటే అవును, "ఊహూఁ" అంటే కాదు. నాలుక సరిగ్గా తిరగని మనిషి నోట ఈ రెండూ ఒకేలా ఉంటాయి. పైగా "ఊఁ" అంటే అవుననే కాదు, "వింటున్నాను చెప్పు" అని కూడా. కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొట్టరూ? అలాగన్నమాట. మనిషికి ఆ ఒక్క శబ్దమే మిగిలినప్పుడు, దానికి మనకి కావలసిన అర్థం మనమే వేసుకుంటాం.

మా ఇంట్లో జరిగింది అదే. వైద్యానికైన అప్పు తీర్చాలని మా బావగారు తోట బేరం పెట్టారు. ఆస్తి తల్లి పేరున ఉంది కాబట్టి వేలిముద్ర కావాలి. అందరూ మంచం చుట్టూ చేరారు. "అమ్మా, తోట అమ్మీమా?" అని గట్టిగా అడిగారు. "ఊఁ" అంది. మా ఆడపడుచు వెంటనే, "వద్దా అమ్మా? అమ్మొద్దా?" అంది. దానికీ "ఊఁ" అంది. "చూశారా, దానికేటీ తెలీటం నేదు" అని బావగారు తల తిప్పుకున్నారు. నేను అత్తగారి మొహమే చూస్తున్నాను. ఆవిడ ఎడమ చేత్తో మంచంపట్టె మీద టకటకా కొడుతోంది. మతి పోయిన మనిషికి అంత కోపం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ వారమే విశాఖ వెళ్ళాం. రైల్లో కూర్చోబెట్టి తీసుకెళ్ళే పాటి ఓపిక వచ్చింది ఆవిడకి. అక్కడ మాటలు నేర్పించే థెరపిస్టు ఒక చిన్నమ్మాయి, మా చెల్లెలి వయసుంటుంది. నోరు తెరిపించి చూస్తుందనుకుంటే, ముందు చెవులు చూసింది. చూసి, "నా పని తర్వాత, ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళి రండి" అంది. రెండు చెవుల్లోనూ గుబిలి గట్టిపడి అడ్డంగా ఉంది. అది తీశాక, మూసిన గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేశారు. మాట రానివాళ్ళకి ఎలా చేస్తారా అనుకున్నాను. చప్పుడు వినిపించినప్పుడల్లా చెయ్యెత్తితే చాలట. ఎడమ చెయ్యి ఎత్తింది. రెండు చెవుల్లోనూ వినికిడి బాగానే తగ్గిందనీ, అది పక్షవాతంతో వచ్చింది కాదు, అంతకు ఎన్నో ఏళ్ళ ముందునుంచీ ఉన్నదనీ తేలింది.

పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నా చెవి సంగతి ఎవరికీ తట్టలేదు. మాట పోయిన మనిషిలో అందరూ నోరే చూస్తారు మరి. అంతకుముందు ఆవిడ ఎదుటివాళ్ళ పెదాలు చూసి, సందర్భాన్ని బట్టి ఊహించుకుని నెట్టుకొచ్చేసేది. జబ్బు చేశాక ఆ ఊహించుకునే ఓపిక కూడా పోయింది. చెవికి అందేది సగం. అందినదాన్ని బుర్ర పోల్చుకోవడానికి పట్టే సమయం రెట్టింపు. ఈలోగా మనం రెండో ప్రశ్న వేసేస్తాం.

ఆ అమ్మాయి నాకు వివరంగా చెప్పింది, మీకూ చెబుతాను. "మాట పోయింది" అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో వేరు వేరు సంగతులున్నాయి. మాట తెలుసు, నాలుకా పెదవులూ తిరగవు. అది కండరాల బలహీనత, మాట ముద్దముద్దగా వస్తుంది. రెండోది, నాలుక బాగానే ఉంటుంది, బుర్రలో మాటల గది తలుపు బిగుసుకుపోతుంది. దీన్ని అఫేషియా అంటారు. చాలామందికి ఆ గది మెదడులో ఎడమ పక్కన ఉంటుంది, ఎడమ మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోతుంది. అందుకే కుడిపక్క పడినవాళ్ళలో మాట పోవడం ఎక్కువ. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గర ఒక రోగి ఏమడిగినా "టాన్" అనే వాడట. పోయాక చూస్తే ఎడమ మెదడులో ముందుభాగం దెబ్బతిని ఉంది. ఆయనకి టాన్ మిగిలింది, మా అత్తగారికి ఊఁ మిగిలింది.

ఇంకో రకం ఉంది. టెక్కలిలో మా పిన్ని వాళ్ళ ఎదురింటాయన పక్షవాతం తర్వాత గడగడా మాట్లాడేవాడు. వినడానికి తెలుగే, అర్థం మాత్రం ఉండదు. ఎదుటివాళ్ళు చెప్పేదీ ఆయనకి సరిగ్గా అందదు. పిచ్చి పట్టిందని తాయెత్తు కట్టించారు పాపం. అదీ అఫేషియానే. కాబట్టి లోపల అందరికీ అంతా అర్థమవుతుందని నేననడం లేదు. ఎవరికి ఎంత అందుతోందో ఎవరికి వారిని చూసి తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం చెవితో మొదలుపెట్టాలి. అంతే నా మాట.

ఉద్దానం వాళ్ళకి ఇది ఇంకాస్త గట్టిగా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి చెవుడూ ఎక్కువే. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు వాళ్ళని పరీక్షించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, కిడ్నీ పనితనం ఒక మోస్తరుగా తగ్గినవాళ్ళలో నూటికి 54 మందికి వినికిడి లోపం ఉంది, మిగతావాళ్ళలో 28 మందికి. కొన్ని రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కూడా చెవి మీద పని చేస్తాయి, కిడ్నీ బాగోని ఒంట్లో అవి ఎక్కువసేపు నిలిచిపోతాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. రక్తంలో క్రియాటినిన్ ఎంతో మా వైపు చదువురాని ఆడవాళ్ళు కూడా చెప్పేస్తారు. చెవి ఎంత వింటోందో మాత్రం చదువుకున్నవాళ్ళకీ తెలీదు.

విశాఖ నుంచి వచ్చాక ఇంట్లో ఏం మార్చామో చెబుతాను. అన్నిటికంటే ముందు, అరవడం మానేశాం. వినికిడి తగ్గినప్పుడు స, శ, త, క లాంటి సన్నని శబ్దాలు ముందు పోతాయి. మనం అరిస్తే "ఆ, ఓ" లు పెద్దవవుతాయి తప్ప ఈ సన్నవి అందవు. పైగా అరిచేటప్పుడు మన మొహం కోపంగా ఉంటుంది. ఎదురుగా, వెలుతురు మన మొహం మీద పడేలా కూర్చుని, మామూలు గొంతుతో, కాస్త నిదానంగా చెప్పాలి. మిక్సీ తిరుగుతున్నప్పుడు, కుక్కరు కూత పెడుతున్నప్పుడు, టీవీలో సీరియల్ వస్తున్నప్పుడు ముఖ్యమైన మాట ఎత్తకూడదు. కుడి చెయ్యి పడిపోయినవాళ్ళలో కొందరికి కుడివైపు చూపు కూడా తగ్గుతుంది. అందుకని మంచం జరిపి, వచ్చేవాళ్ళు ఎడమవైపు కనిపించేలా వేశాం. ఆసుపత్రిలో తీసి సంచిలో పడేసిన కళ్ళజోడు వెతికి పెట్టాం. మీ ఇంట్లోనూ ఆ సంచి ఒకసారి చూడండి. కళ్ళజోడో, పళ్ళసెట్టో, చెవి మిషనో అందులోనే ఉండిపోయి ఉంటుంది.

అడిగిన తర్వాత నోరు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టాలి. ఇది రాసినంత తేలిక కాదండోయ్! ముఖ్యంగా మనలాంటి వాళ్ళకి. ఆ పది అంకెల్లోపల మనకి మూడు పనులు గుర్తొస్తాయి, పక్కనున్నవాళ్ళు జవాబు చెప్పేస్తారు. మా మరిది అయితే ఆవిడ తరఫున అన్నీ తానే చెప్పేవాడు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమకి తాళం వెయ్యడం నా వల్ల కాలేదు, చివరికి అత్తగారే ఎడమ చెయ్యి అతని నోటికి అడ్డం పెట్టేది.

బొమ్మల పుస్తకం తయారు చేశాం. మొదట బజార్లో దొరికే పిల్లల పటం తెస్తే, ఆపిల్ బొమ్మ చూపించగానే మొహం తిప్పేసుకుంది. తిప్పుకోదూ మరి? ఆవిడ ఎల్‌కేజీ పిల్లా? తర్వాత మా అమ్మాయి ఫోనుతో ఇంట్లో వస్తువులకే ఫోటోలు తీసి అంటించింది. ఆవిడ చెంబు, ఆవిడ దుప్పటి, బీపీ మాత్రల రేకు, మరుగుదొడ్డి తలుపు, పెరటి పనసచెట్టు, కొడుకులూ కోడళ్ళూ మనవలూ. పనసకాయ చూసి నవ్వింది. అవునుకీ కాదుకీ నోటిమాట వద్దని, పచ్చగుడ్డ ముక్క ఒకటి, ఎర్రది ఒకటి పెట్టాం. ఏ ప్రశ్నయినా ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి అడిగేవాళ్ళం. రెండు జవాబులూ పొసిగితేనే ఆవిడ మాటగా తీసుకోవాలి.

తోట సంగతి అలాగే అడిగాం. మిషను పెట్టి, టీవీ కట్టేసి, మూడు జీడిపిక్కలు ముందు పెట్టాను. ఎకరానికి ఒకటి. రోడ్డు పక్కది ఇది, నూతి దగ్గరివి ఈ రెండు అని చూపించాను. చాలాసేపు చూసింది. రోడ్డు పక్క పిక్కని బావగారి వైపు తోసేసింది. మిగతా రెండూ గుప్పిట్లో పెట్టుకుంది. మర్నాడు పిక్కలు తారుమారు చేసి ఆడపడుచు చేత అడిగించాం. అదే జవాబు. తిత్లీ తర్వాత ఆవిడ నీళ్ళు మోసి పెంచిన మొక్కలు నూతి దగ్గరివేనని అందరికీ తెలుసు. బావగారు లేచి వాకిట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అమ్మకం ఎంతవరకు వచ్చిందన్నది మా ఇంటి గొడవ, మీకెందుకు లెండి.

మాట మాత్రం అంత తేలిగ్గా రాలేదు. "నీళ్ళు" అనిపించడానికి "నీ..." అని మొదటి అక్షరం అందించి ఆగాలి. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి "నీ... నీ..." అంటూ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. అప్పుడు ఆపేసి చెంబు అందించేయాలి. దాహంతో ఉన్న మనిషికి పాఠమేమిటి?

తమాషా ఏమిటంటే, వెతుక్కుంటే దొరకని మాట అలవాటు కొద్దీ దొర్లుకుంటూ వచ్చేస్తుంది. వారాల పేర్లు, అంకెలు, పాటలు, తిట్లు కూడా! ఒకరోజు పిక్కలు కొలుస్తూ నేను కుంచం ఎత్తి "లాభం" అన్నాను. మన కొలతల్లో ఒకటి అనం కదా. వెనకనుంచి "రెండు... మూడు... నాలుగు..." అని వినిపించింది. పది దాకా వెళ్ళింది. అందరం కుంచాలు వదిలేసి చూస్తున్నాం. ఆ మరునిమిషంలో "ఎన్ని కుంచాలు?" అంటే మళ్ళీ ఊఁ. పాట పాడగలిగిన మనిషి అదే మాటని విడిగా అనలేకపోవడం చూసే, అమెరికాలో బోస్టన్ వాళ్ళు 1973లో రాగం మీద మాట నేర్పించే పద్ధతి ఒకటి తయారు చేశారట. మేం రాగం కట్టేంతటి వాళ్ళం కాదు గానీ, "అన్నం పెట్టు" ని ఊయల పాటలా సాగదీసి అనడం మొదలుపెట్టాం. మూడు వారాలకి ఆవిడ కలిసింది.

ఇంకో సంగతి. అత్తగారి కన్నవారిల్లు ఇచ్ఛాపురం అవతల, ఒడిశాలో. చిన్నప్పుడు ఒరియా, తెలుగు రెండూ ఆడుకుంటూ నేర్చినవే. ఒకనాడు "పాణి" అంది. టీవీలో హిందీ పట్టేసిందని పిల్లలు నవ్వారు. ఒరియాలో పాణి అంటే నీళ్ళే! తెలుగు తలుపు బిగుసుకుంటే ఒరియా కిటికీ లోంచి అందించిందన్నమాట. రెండు భాషలవాళ్ళకి ఏది ముందు తిరిగొస్తుందో ముందుగా చెప్పలేమట. హైదరాబాదు నిమ్స్‌లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ప్రచురించారు. జబ్బు తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్ళు రెండు భాషలు వచ్చినవాళ్ళలో నూటికి 40 మంది, ఒకే భాషవాళ్ళలో 20 మంది. మాట పోవడం మాత్రం ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకలాగే ఉంది. సరిహద్దు పల్లెల్లో ఉన్నవాళ్ళూ, బరంపురం నుంచి కోడళ్ళని తెచ్చుకున్నవాళ్ళూ ఇది గుర్తుంచుకోవాలి. మీకు అర్థం కాని మాట అన్నంత మాత్రాన అది అర్థం లేని మాట కాదు.

ఇక మనమీద పడే నింద. "కోడలు సరిగ్గా చేయించలేదు, అందుకే మాట రాలేదు" అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగుల మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగం మంది ఇళ్ళలో వాళ్ళకి వ్యాయామాలు, పనులు చేయించడం ప్రత్యేకంగా నేర్పారు. 2017లో ఫలితం చెప్పారు, ఆరు నెలలకి రెండు గుంపుల మధ్య తేడా ఏమీ కనబడలేదు. అందుకని వదిలెయ్యమని కాదు. థెరపిస్టు దగ్గర క్రమంగా నేర్చుకుంటే మాటకి మేలు జరుగుతుంది, ఏడాది దాటాక కూడా మెరుగు కనిపిస్తుంది. కానీ మెదడుకి తగిలిన దెబ్బ ఎంతటిదో దాన్ని బట్టే చాలావరకు ఉంటుంది. కోడలి ఓపిక కొలిచి మాటలు తిరిగి రావు. మీ ఆడపడుచు అలా అంటే ఈ కాగితం ఆవిడ చేతికివ్వండి.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో అఫేషియా వల్ల శాశ్వతంగా మాట పోవడాన్ని కూడా వైకల్యంగా చేర్చారు. వినికిడి లోపం ఎలాగూ ఉంది. సదరం శిబిరానికి తీసుకెళ్ళినప్పుడు కాలూ చెయ్యీ చూపించి వచ్చేయకండి, మాట సంగతి, చెవి పరీక్ష కాగితం కూడా ముందు పెట్టండి. వికలాంగుల పింఛను మన రాష్ట్రంలో 2024లో 6,000 రూపాయలకి పెంచారు.

ఇప్పుడు మా అత్తగారికి నలభై దాకా మాటలున్నాయి, ఐదారు ఒరియావి. నా పేరు ఇంకా రాదు, "ఒలే" అంటుంది, పలుకుతాను. మా పెద్దవాణ్ణి వాళ్ళ నాన్న పేరుతో పిలుస్తుంది, వాడూ పలుకుతాడు. చెవి మిషను మొదటి నెల విసిరికొట్టింది. అన్ని చప్పుళ్ళూ ఒక్కసారిగా మీద పడితే ఎవరికైనా చిరాకే. రోజుకి అరగంటతో మొదలుపెట్టి పెంచాం. మా సముద్రపు గాలికి చెమ్మ పట్టేస్తుంది కాబట్టి రాత్రి తీసి, పొడి గుడ్డతో తుడిచి, చెమ్మ పీల్చే పొట్లం వేసిన డబ్బాలో పెడతాం. కీచుమంటే చెవిలో సరిగ్గా కూర్చోలేదని అర్థం. సెల్లు అయిపోతే ఆవిడే చెవి మీద రెండుసార్లు తట్టి, మా అమ్మాయి వైపు వేలు చూపిస్తుంది.